దొరసాని పక్క కుర్చీ

మోకాళ్ల నొప్పులున్నోళ్లు ఎవలన్న కోరుట్లకు అచ్చి బీడీల నర్సవ్వ ఇల్లేదని అడిగితే మా గల్లీల చిన్న పిల్లలు గూడ చూపెడ్తరు. ఆపరేషన్ చేయించుకుందునా, వద్దా అని అడిగేతందుకు అస్తరు. నేనేమన్న డాక్టర్నా? అయినా అస్తరు. అందరికి గదే ముచ్చట మల్ల మల్ల చెప్పి నోరు నొస్తున్నది. అందుకే గిది రాయిస్తున్న. నేను చెప్తుంటే మా బిడ్డ స్వరూప రాస్తున్నది. తిట్లు కొట్టేస్తే ఊకోనని ముందే చెప్పిన. "చదివేటోళ్లు ఏమనుకుంటరే అవ్వా" అంటది. ఏమన్న అనుకోనీ. నొప్పి నాది, నోరు నాది.

ఒక మాట ముందే చెప్త. అందరు నొప్పి తాళలేక మోకాలు మార్పిచ్చుకుంటరు. నేను పగతోని మార్పిచ్చుకున్న. నొప్పితోని ఏండ్లకేండ్లు ఎల్లదీసిన, ఇంకిన్ని ఏండ్లు ఎల్లదీద్దును.

మాది మల్లాపూర్ దిక్కు ఒక ఊరు. మాకు గుంట భూమి లేకుండె. మా అవ్వ దొరోళ్ల ఇంట్ల ఎట్టి చేసింది, పిలిచేదనుక వాళ్ల వాకిట్ల ఎండల నిలవడేది. నేను గదే ఇంట్ల పనికి పోయిన. పెండ్లయ్యేదనుక గా ఇంటి బండలు మోకాళ్ల మీద పాకుకుంట తుడిసిన. నిలవడి తుడిస్తే మూలలకు మురికి ఉంటదని పెద్ద దొరసాని ఒప్పుకోకపోయేది. నాకు పదిహేనేండ్లప్పుడు ఆ ఇంటికి కోడలచ్చింది. ఇంచుమించు నా ఈడుదే. ఇంటి కడప దాటంగ ఆమె కాళ్లు కడిగింది నేనే. గా కోడలే ఇప్పటి దొరసాని. పేరు రాయద్దంటున్నది స్వరూప. సరే, దొరసాని అనే రాయే.

పెండ్లయినంక కోరుట్లకు అచ్చి బీడీలకు కూసున్న. మా ఆయన రాజం. పేరు నేను పలుకను, రాసుడు స్వరూపనే రాసింది. ఆయన మస్కట్ పోయి, నడుం ఇరగ్గొట్టుకొని అచ్చి, గల్లీ మొగదల చిన్న పాన్ డబ్బ పెట్టిండు. బీడీలు చేసుడంటే చూసినోళ్లకు కూసోని చేసే సుఖమైన పని. కాళ్లు ముడుసుకోని, చాట ఒళ్లె పెట్టుకోని, పొద్దుగాల కూసుంటే మాపటికి లేసుడు. వంట పొయ్యి మీద ఉన్నా కండ్లు చాటలనే ఉంటయ్. సగం మోకాళ్లు దొరోళ్ల బండలు తిన్నయ్, మిగిలిన సగం బీడీల చాట తిన్నది.

నొప్పి ఎట్లుండేదో చెప్త. కూసుంటే లేవరాదు, లేస్తే కూసోరాదు. లేసేటప్పుడు లోపట ఇసుక పోసి నూరినట్టు కరకర సప్పుడు. పక్కనున్నోళ్లకు గూడ ఇనవడేది. మా గల్లీల సూదులేసే ఆయన మోకాట్లకు సూదేసిండు. వారం మంచిగుండె. మల్ల ఏసిండు. మల్ల మంచిగుండె. అటెన్క గోలీలిచ్చిండు. గా గోలీలు ఏం గోలీలో గని, ఏస్కుంటె నొప్పి మాయం, మొఖం మాత్రం పూరి లెక్క ఉబ్బింది. బలిసిన్నని అందరు సంబురపడ్డరు. జగిత్యాల డాక్టర్ చూసి తల పట్టుకున్నడు. పేరు తెల్వని గోలీలు మింగకుండ్రి, మీకు దండం పెడ్త. చందుర్తి దిక్కు ఒకాయన పసరు కట్టు కడ్తడంటే గది గూడ కట్టించుకున్న. తోలు ఊడింది, నొప్పి ఊడలే.

జగిత్యాల దవాఖానల మొదటిసారి కూసున్నప్పుడు చుట్టుముట్టు చూసిన. బల్లల మీద కూసున్న ఆడోళ్ల వేళ్లు చూస్తే తెల్సిపోయింది. చూపుడు వేళ్లకు తంబాకు మరక. అందరం బీడీలోళ్లమే. ఒకళ్లనొకళ్లం చూసి నవ్వుకున్నం. ఎక్కువ నొస్తున్న మోకాలు ఫొటో తీసి డాక్టర్ లైటు మీద పెట్టి చూపెట్టిండు.

"గుజ్జు మొత్తం అరిగింది అమ్మా. ఎముకకు ఎముక తాకుతున్నది. మార్పిచ్చుకుంటేనే నడుస్తవ్."

"నడుస్తనా సారూ? పక్కానా?"

"నడుస్తవ్. కని కింద కూసోవద్దు. ముడుసుకోని కూసునుడు జన్మల బంద్."

మా ఆయన అప్పుడే లేసిండు. బయటికి అచ్చినంక మొదలుపెట్టిండు. "కింద కూసోనిది బీడీలెట్ల జేస్తవే? చాట నెత్తి మీద పెట్టుకుంటవా? బంతిల కూసోవు, పెండ్లిల కూసోవు, సావు కాడ కూసోవు. కట్టె లెక్క నిలవడి ఉంటవా?"

తప్పు మాట గాదు. గదే నాకూ గుబులైంది. మా గల్లీల బీడీలు చేసే ఆడోళ్లమంత మా వాకిట్ల గుండ్రంగ కూసుంటం. గక్కడనే ముచ్చట్లు, గక్కడనే కొట్లాటలు, గక్కడనే ఏడుపులు. గా గుండ్రంల నుంచి లేసిపోతే నేనింకేం మనిషిని? బీడీలు పోతే మా ఆయన డబ్బ మీద ఇద్దరం బతుకుతమా? వద్దనుకున్న. గా మోకాలు గట్లనే పెట్టుకోని రెండేండ్లు ఈడ్సిన.

గప్పటికి తెలంగాణ కొట్లాట జోరుమీదుంది. యాడ చూసినా టెంట్లే. బీడీలోళ్లం గూడ వంతులేసుకోని పోయి దీక్షల కూసుంటుంటిమి. నేను పోతె కూసోరాదు గద, టెంటు కట్టె పట్టుకోని నిలవడేది. "నర్సవ్వకు మస్తు రోషమున్నది, కూసోను గూడ కూసోదు" అనేటోళ్లు. నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వకపోయేది.

గా ఎండకాలమే కోరుట్ల పెద్ద రోడ్డు మీద వంటావార్పు పెట్టిన్రు. బండ్లన్ని బంద్. రోడ్డు నడిమిట్ల మూడు రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. మా ఊరి చిన్న దొర, అంటే దొరసాని కొడుకు, అప్పుడు లీడర్. మైకు పట్టుకోని అన్నడు: "గియ్యాల దొర లేడు, కూలోడు లేడు. అందరం ఒక్కటే బంతిల కూసోని తిందాం." నేను గూడ సప్పట్లు కొట్టిన. చేతులు మండేదనుక కొట్టిన. మా అవ్వ ఉంటే ఈ మాట ఇనేది గద అనుకున్న.

బంతులు కూసున్నయ్. తారు రోడ్డు మీద జంఖానలు పరిసిన్రు. దొరసాని గూడ అచ్చింది. ఆమెకూ మోకాళ్ల నొప్పులే, కారు దిగుడే కష్టమైంది. బంతి కొసకు టెంటోళ్ల కుర్చీలు రెండేసిన్రు. ఒకదాంట్ల ఆమె కూసున్నది. ఒకటి ఖాళీగున్నది. నా చేతుల ఇస్తారాకు, దాంట్ల అన్నం. కాలు వంగదు. కింద కూసోను, నిలవడి తింటే కుక్క తిన్నట్టు. ఇగ ఖాళీ కుర్చీ ఉండనే ఉన్నది. పోయి కూసున్న.

మైకుల చెప్పింది నిజమనుకున్న చూడుండ్రి, గది నేను జేసిన పొరపాటు.

దొరసాని బుక్క పెట్టుకోబోయి ఆగింది. నా దిక్కు తిరిగింది.

"నర్సవ్వా, లే."

నేను నవ్విన. "మోకాళ్లు దొరసానీ. మీ లెక్కనే నాకు గూడ."

"నా లెక్కనా?" అన్నది. గొంతు పెంచలే. గొంతు పెంచితే నేనూ పెంచుదును. మెల్లగ అన్నది. "గీ నొప్పులు, గీ కుర్చీలు మాకేనే. మీరు కింద కూసునేటోళ్లు. కష్టం జేసే పెయ్యికి నొప్పులేంది, నకరాలు గాకపోతే? మా చుట్టపామె అస్తది, లే."

బంతిల చేతులు ఆగినయ్. చిన్న దొర దగ్గరనే ఉన్నడు, మైకు పక్కోనికిచ్చి అటు తిరిగిండు. లేద్దామని చూసిన. గా కుర్చీకి చేతులు లేవు, పట్టుకుందామంటే ఏం లేదు. మోకాలు ఇడుస్తలేదు. సిగ్గిడిసి అడిగిన. "జర చెయ్యియ్యుండ్రి దొరసానీ."

ఆమె కుడి చెయ్యి అన్నంల ఉన్నది, ఎడమ చెయ్యి ఖాళీగనే ఉన్నది. దాంతోని కొంగు సదురుకున్నది. రోడ్డు దిక్కు చూసింది.

ఇగ ఏం జేస్త. కుర్చీల నుంచి జారి కిందికి దిగిన. అన్నం ఒలికింది. రెండు చేతులు తారు మీద ఆనిచ్చి, దొరోళ్ల బండలు తుడిసినప్పుడు ఎట్లుంటినో గట్ల, నాలుగు కాళ్ల మీద నిలవడి, అటెన్క లేసిన. అప్పటికి మా బీడీలోళ్లు ఉరికచ్చి పట్టుకున్నరు గని, ఏం ఫాయిదా? అందరు చూసిన్రు. పక్కకు పోయి పొన్న చెట్టు కాడ నిలవడి గా కుర్చీనే చూసిన. బంతులు లేసేదనుక చూసిన. గంజులు కడిగేదనుక చూసిన. గా చుట్టపామె రానే రాలే. కుర్చీ ఖాళీగనే ఉన్నది.

దాని కాళ్లకు మన్నువడ. గియ్యాలటికి గా ఖాళీ కుర్చీ యాదికస్తే నా కడుపుల మంట లేస్తది.

ఇంటికి అచ్చి మా ఆయనతోని అన్న: "ఆపరేషన్ చేయిస్తవా, చేయియ్యవా?"

"నిన్నటిదనుక వద్దన్నవ్ గదనే?"

"నిన్నటి మాట నిన్నటిది."

"మరి బీడీలు?"

"బీడీలు మన్నువడనీ. నేను దాని ముంగట చెయ్యి ఆనియ్యకుంట లేవాలె. లేసి నడవాలె. గది చూసి అది కుళ్లాలె. అటెన్క నేను సచ్చినా మంచిదే."

ఆయన నా దిక్కు పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. పైసలు ఎట్ల పుట్టినయంటే గది వేరే కత. నా బీడీల పీఎఫ్ కొంత, నా మెడల పుస్తెల తాడు కొంత. స్వరూప సిరిసిల్ల నుంచి ఫోన్ల ఏడ్సింది. "ఒకల మీది కోపంతోని కాలు కోపిచ్చుకుంటరా అవ్వా?" అన్నది. నేను ఫోన్ పెట్టేసిన. ఇప్పుడు గిది రాసుకుంట నవ్వుతున్నది చూడుండ్రి.

ఆపరేషన్ రోజు అచ్చేసరికి తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సుల్లేవు, బడుల్లేవు, బొగ్గు లేదని కరెంట్ గూడ లేదు. తెలిసినోళ్ల ఆటో మాట్లాడుకోని జగిత్యాలకు ఎల్లినం. నడిమిట్ల రోడ్డుకు అడ్డం ముండ్ల కంపలు, రాళ్లు. పోరగాళ్లు ఆటోను ఆపిన్రు. "బంద్ అవ్వా, ఎనుకకు పోండ్రి" అన్నరు. నేను చీర మోకాళ్ల దాక ఎత్తిన. "సూడుండ్రి కొడుకా, గీ కాళ్లు. నేను టెంటుల నిలవడీ నిలవడీ గిట్లయినయ్. ఎనుకకు పొమ్మంటరా?" అన్న. అబద్ధమే ఆడిన, ఏం జేస్త. పోరగాళ్లు కంపలు తీసి, రాళ్లు పక్కకు నూకి, జై తెలంగాణ అన్నరు. నేను వాళ్లకంటే గట్టిగ అన్న. గియ్యాల గూడ వాళ్ల తల్లులు సల్లగుండాలె అనుకుంట.

దవాఖానకైతే చేరినం గని, కోసే పెద్ద డాక్టర్ పట్నం నుంచి రావాలె. వారానికోసారి అచ్చేటాయన. రోడ్లన్ని బంద్, ఆయన రాలే. రేపస్తడన్నరు. రేపు గూడ రాలే. ఫ్యాన్ల్లేవు, వార్డుల ఉడుకపోత. నా పక్క మంచంల బీర్పూర్ ఆమె, తుంటి ఇరిగి పడ్డది. తన ఇసనకర్రతోని తనకోసారి, నాకోసారి ఇసురుకుంటుండె. నా ముచ్చటంత ఇన్నది. ఇని అడిగింది:

"నడిచేతందుకు చేయించుకుంటున్నవా అక్కా, కొట్లాడేతందుకా?"

"రెండిటికి" అన్న.

"అయితే రెండు కాళ్లు చేపిచ్చుకో" అన్నది. నవ్వి నవ్వి ఇద్దరికీ నొప్పి లేసింది.

పగటిపూట గట్ల నవ్విన గని, లోపట భయం పట్టుకున్నది. ఒట్టు, దాపరికమేంది. ఆపరేషన్ చెడి కాలే తీసేసిన్రని ఒకలు, మంచాన వడ్డదని ఒకలు, వార్డుల ఇదే ముచ్చట. దొరసాని మీది కోపం భయం ముంగట నిలుస్తలేదు. మా ఆయన సంచి సదిరిండు. "పోదాం పా. దేవుడే వద్దంటున్నడు. డాక్టర్ను రానిస్తలేడు గద" అన్నడు. నేను గూడ లేసి చెప్పులేసుకున్న. పోయే ముందు ఒకసారి బాత్రూంకు పోయస్త అన్న.

గక్కడ కింద కూసునేటి దొడ్డి. కూసున్న. లేవరాలే. గోడ పట్టుకున్న, నున్నటి గోడ, చెయ్యి జారింది. తలుపు కొట్టిన. ఎవలు ఇనలే. ఎంతసేపో తెల్వది, ఆఖరుకు మా ఆయన ఆడోళ్ల బాత్రూంల జొరబడి అచ్చిండు. నర్స్ కేకలేస్తున్నది. ఆయన నడుం నొప్పి మనిషి, నన్ను చంకల కింద చేతులేసి లేపుకుంట మూల్గుతున్నడు. లేపి గోడకు ఆనిచ్చి, నా చీర సదిరి, తన మొఖం తువ్వాలతోని కప్పుకున్నడు. ముప్పై ఏండ్ల కాపురంల ఆయన ఏడ్వంగ నేను చూడలే.

"చేయించుకో" అన్నడు. "బీడీలు వోతే వోనీ. నువ్వు గిట్ల కూలవడి ఉంటే నేను చూడ."

సంచి మల్ల మంచం కిందికి పోయింది. పగతోని చేయించుకున్న అన్న గద. నిజమే. కని గా పొద్దు నన్ను మంచం మీద కూసోవెట్టింది మాత్రం మా ఇంటాయన కన్నీళ్లే, గది గూడ రాయే స్వరూపా.

డాక్టర్ పాలబండిల వడి అచ్చిండట. పాలబండిని ఎవలు ఆపరు గద. నడుంకు సూదేసిన్రు, కింద పెయ్యి నాది కానట్టయింది. కండ్లకు అడ్డం గుడ్డ కట్టిన్రు. నిద్ర పట్టలే. సుత్తె సప్పుడు ఇనవడ్డది. కట్టెపని జేసే వడ్లాయన మంచం కోళ్లు కొట్టినట్టు టకటక, టకటక. "అది నా కాలేనా సారూ?" అన్న. "నీదే అమ్మా" అన్నడు. మెల్లగ కొట్టుమని అడుగుదామనుకున్న గని నాలుక లేవలే.

అటెన్క సిరిసిల్ల. కోరుట్లల చూసుకునేటోళ్లు లేరని స్వరూప తనింటికి తీసుకపోయింది. మా అల్లుడు బట్ట నేసే సాంచలు నడిపేటోడు. వాళ్ల ఇల్లు సాంచల కార్ఖాన ఎనుకనే. ఇరాం లేకుంట గా సప్పుడే. మొదటి దినాలల్ల నొప్పి సంగతి చెప్పుమంటే చెప్పలేను. కన్నతల్లి యాదికచ్చింది, పుట్టించిన దేవుని తిట్టిన. కరెంట్ పోతే సాంచలు ఆగేటివి, అంత నిమ్మలమైతుండె, గప్పుడు నొప్పి ఇంకింత ఎక్కువైనట్టనిపిచ్చేది. మా అల్లుడు పని లేక వాకిట్ల కూసుండేటోడు, నేను లోపట మూల్గుడు. అందరికి సమ్మెనే.

మా దిక్కు అత్తకు అల్లునికి మాటలుండయ్. ఆయన ఇంట్లకస్తే నేను నెత్తి మీద కొంగు కప్పుకోని అర్రల్లకు పోయేది. ఇప్పుడు లేసి పోరాదాయె. ఒకనాడు స్వరూప ఒక్కతి లేపలేకపోతే ఆయనే అచ్చి ఎత్తి కుర్చీల కూసోవెట్టిండు. సిగ్గుతోని సచ్చిన. ఆయన మొఖం గోడ దిక్కు తిప్పుకోని ఎత్తిండు పాపం.

కాలు వంచుడు నేర్పేతందుకు ఒక మేడం అచ్చేది. "ఇంకింత వంచు అమ్మా, ఇంకింత" అనేది. ప్రాణం పోయేది. నేను కండ్లు మూసుకోని దొరసాని మొఖం యాది చేసుకునేది. ఒకసారి వంచుడు గా ఒలికిన అన్నానికి. ఒకసారి వంచుడు గా కొంగు సదురుకున్న చెయ్యికి. ఒకసారి గా ఖాళీ కుర్చీకి. మేడం అనేది, "మీ లెక్క మొండోళ్లను చూడలే, ఏ దేవున్ని తలుసుకుంటున్నరు?" అని. దేవుడు గాదు తల్లీ అన్న.

సంకురాత్రి పండుగ దాటినంక మా అల్లుడు ఒక బల్ల తెచ్చి నా ముంగట పెట్టిండు. పాత సాంచ కట్టెలు కోసి, సాపు చేసి, తానే చేసిండు. కుర్చీల కూసుంటే సరిగ్గ నా ఒడి ఎత్తుంటది. చుట్టూ అంచు కట్టిండు, ఆకు జారకుంట. "చాట దీని మీద పెట్టుకొమ్మను" అని స్వరూపతోని అన్నడు, నేను ముంగటనే ఉన్నా. చాట పెట్టిన. సరిపోయింది. చెయ్యంగ చెయ్యంగ చేతులు పాత చాలుకు అచ్చినయ్. నేను అల్లునికి ఏం చెప్పాలె? మాటలుండయ్ గద. స్వరూపతోని అన్న: "మీ ఆయనకు ఇయ్యాల కోడికూర వండు."

కోరుట్లకు తిరిగచ్చినంక మొదటి దినం మా బీడీల గుండ్రంల కుర్చీ ఏసుకోని కూసున్న. అందరు కింద, నేనొక్కదాన్నే మీద. "అగో, దొరసాని అచ్చింది" అన్నది ఒకామె. అందరు పకపక నవ్విన్రు. నాకు మాత్రం గా మాట ముల్లు దిగినట్టయింది. "ఇంకోసారి గా పేరు పెడితే తంబాకు కండ్లల్ల కొడ్త" అన్న. మూతులు ముడుసుకున్నరు. నాల్గు దినాలైతే అలవాటైంది, కత్తెర కింద వడితే అందిచ్చుడు గూడ నేర్సుకున్నరు.

ఇగ మిగిలింది దొరసాని. నేను నడిచి ఆమె ఇంటికి పోదామనుకున్న ఎన్నోసార్లు. పోలే. పిలువని ఇంటికి పోతే నాదే తక్కువైతది. ఆమే రావాలె. ఎట్లస్తది, ఎందుకస్తది, తెల్వది. కని ఆమె కాళ్లు గూడ నా కాళ్ల లెక్కనే అరుగుతున్నయ్ గద. నేను ఆగిన.

ఢిల్లీల తెలంగాణ ఇస్తమని చెప్పిన వానకాలం. ఊరంత పటాకులు కాల్చి, గులాలు సల్లుకోని, గల్లీలు ఇంకా ఎర్రగనే ఉన్నయ్. గా వారంలనే ఒకపొద్దు మా గల్లీ మొగదల కారు ఆగింది. గల్లీ ఇరుకు, లోపటికి రాదు. దొరసాని దిగింది. ఒక చేత్తోని డ్రైవర్ను, ఒక చేత్తోని గోడను పట్టుకోని, బురదల ఒక్కొక్క అడుగేసుకుంట అస్తున్నది. బీడీలోళ్లంత లేసి నిలవడ్డరు. అలవాటు గద, పెయ్యే లేస్తది. నేను కూసునే ఉన్న.

వాకిట్లకు అచ్చింది. దమ్ము తీసుకున్నది. కూసునేతందుకు అటుఇటు చూసింది. మా ఇంట్ల ఒక్కటే కుర్చీ. దాంట్ల నేనున్న. కింద జంఖాన ఉన్నది. కింద కూసుంటే ఆమె లేవదు, గది నాకు తెల్సు, ఆమెకూ తెల్సు.

నేను లేసిన. చెయ్యి యాడ ఆనియ్యలే. చాట పక్కకు పెట్టి, నిట్టనిలువుగ లేసిన. ఆమె కండ్లు నా మోకాలు మీదనే ఉన్నయ్. "దండాలు దొరసానీ" అన్న. అని మల్ల కూసున్న. కుర్చీల నేనే కూసున్న.

గోడకు ఆనుకోని నిలవడ్డది. గల్లీ గల్లంత చూస్తున్నది. నేను ఆకు కత్తిరిచ్చిన, తంబాకు పోసిన, చుట్టిన, దారం కట్టిన. ఇంకొకటి చుట్టిన. ఇంకొకటి. నిలవడనీ. ఎండల నిలవడ్డ నా అవ్వ కోసం గింతసేపు, తారు మీద పాకిన నాకోసం గింతసేపు. గా నిమ్మలం ఉన్నది చూడుండ్రి, బిర్యాని తిన్నా అంత రుచి ఉండదు.

ఆఖరుకు ఆమే నోరిప్పింది. "నర్సవ్వా, నొస్తదా?"

"ఏంది దొరసానీ?"

"గదే. ఆపరేషన్. డాక్టర్లు చేయించుకొమ్మంటున్నరు. మావోడు పట్నంల పెద్ద దవాఖానల చూపెట్టిండు. నాకు భయమైతున్నది. నువ్వు చేయించుకున్నవని, మంచిగ నడుస్తున్నవని చెప్పిన్రు. నిజం చెప్పు, నొస్తదా?"

రెండేండ్లు కడుపుల పెట్టుకున్న మాట. ఎన్నిసార్లు లోపల్లోపల అనుకున్ననో, నోట్లె నున్నగైంది.

"గీ ఆపరేషన్లు మాకేనే దొరసానీ. మీకెందుకు? మీరు కూసునేటోళ్లు, నడిచేటోళ్లం మేము. కూసునే పెయ్యికి కొత్త మోకాళ్లెందుకు, నకరాలు గాకపోతే?"

బీడీలోళ్ల చేతులు ఆగినయ్, అప్పుడు బంతిల ఆగినట్టే. ఆమెకు యాదికచ్చింది. మొఖంల కనవడ్డది. తిడ్తదనుకున్న. ఎనుకకు మర్రి పోతదనుకున్న. పోలే. గోడ మీద చెయ్యి జారుతున్నది, నాకు దవాఖాన బాత్రూంల జారినట్టే. కండ్లు తుడుసుకున్నది.

ఇగ సాలనిపిచ్చింది. సంబురం పోయిందని కాదు. సంబురమే ఉండె. కని గా జారే చెయ్యిని చూస్తే నాకు నా చెయ్యే కనవడ్డది.

లేసిన. గల్లీ దాటి ఎదురింటికి పోయిన. వాళ్ల ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకున్న. "నేను తెస్త అత్తా" అని ఆ ఇంటి కోడలు ఎదురచ్చింది. "వద్దు, నేనే తెస్త" అన్న. బురదల కాలు జారకుంట, తల ఎత్తుకోని, కుర్చీ చంకల పెట్టుకోని అందరి ముంగటికెల్లి నడిచచ్చిన. తెచ్చి నా కుర్చీ పక్కన ఏసిన. చేతులు లేని కుర్చీ.

"కూసోండ్రి దొరసానీ" అన్న. "మా చుట్టాలెవలు రారు."

కూసున్నది. తల దించుకోని కూసున్నది. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పిన. "నొస్తది. మస్తు నొస్తది. తల్లిని తండ్రిని తలుసుకుంటరు. కాలు వంచుమంటే వంచుమన్నోళ్లను సంపబుద్దయితది. అయినా వంచాలె. భయపడి వంచకుంటే కట్టె లెక్కనే ఉంటది. మూన్నెల్లు ఏడ్వుండ్రి, అటెన్క నడుస్తరు." ఆమె అన్ని ఇన్నది. మా ఆయన డబ్బ నుంచి ఛాయ్ పంపిండు. నేను తాగిన గసొంటి గ్లాసులనే ఆమె గూడ తాగింది.

పోతనన్నది. లేవబోయింది. లేవరాలే. డ్రైవర్ కారు తిప్పేతందుకు గల్లీ మొగదలికి పోయిండు. పట్టుకుందామంటే కుర్చీకి ఏం లేదు. నా దిక్కు చూసింది. చెయ్యి సాపింది. "జర చెయ్యియ్యి నర్సవ్వా" అన్నది.

గా చెయ్యిని చూసిన. ఎడమ చెయ్యి. నా కొంగు మంచిగనే ఉన్నా, ఒకసారి సదురుకున్న. ఆమె చూసింది. అటెన్క చెయ్యిచ్చిన. గట్టిగ పట్టుకోని గుంజుకోని లేసింది. ఆమె బరువు, నా బరువు, అంత నా కొత్త మోకాలు మీద పడ్డది. మోకాలు ఒరగకుంట ఆగింది.